డీజిల్ కారు త్వరగా వేడెక్కడానికి ఈజీఆర్‌లో మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో డీజిల్ కారు ఉన్నవారు చలికాలం మొదలవగానే ఒకే సందేహంతో వస్తారు. ఉష్ణోగ్రత ముల్లు లేవడం లేదు, ఈజీఆర్‌లో ఏదో మార్పు చేయిస్తే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుందని ఎవరో చెప్పారు, చేయించమంటారా అని అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుండి చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను కనుక, అక్కడక్కడ ఒకే విషయం రెండుసార్లు కనిపిస్తే మన్నించగలరు.

## మార్పు చేయించాలా అని ఆలోచించే దశ

ఈజీఆర్ అంటే ఏమిటి? బయటికి పోవలసిన పొగను మళ్ళీ ఇంజిన్‌లోకే ఎందుకు పంపుతారు?

సిలిండర్ల నుండి వెలువడిన పొగలో కొంత భాగాన్ని ఒక వాల్వు ద్వారా తిరిగి ఇంటేక్ మానిఫోల్డులోకి, అంటే సిలిండర్లకు గాలిని తీసుకెళ్ళే గొట్టాల్లోకి మళ్ళించే ఏర్పాటే ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్). ఆ పొగలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి ఎక్కువగా ఉంటాయి. అది తాజా గాలితో కలిసినప్పుడు మంట ఉష్ణోగ్రత తగ్గుతుంది. మంట అంత తీవ్రంగా లేనప్పుడు గాలిలోని నైట్రోజన్ మండి నైట్రోజన్ ఆక్సైడులుగా మారడం కూడా తగ్గుతుంది. భారత్ స్టేజ్ 4 ప్రమాణాల ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 0.25 గ్రాముల వరకు నైట్రోజన్ ఆక్సైడులను వదలవచ్చు. 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6లో ఆ పరిమితి 0.08 గ్రాములకు దిగింది. ఈజీఆర్ పుట్టిందే ఈ పని కోసం; ఇంజిన్‌ను వేడెక్కించడంలో అది చేసే సాయం కొసరు మాత్రమే.

ఈజీఆర్ ఉంటే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుందా, ఆలస్యంగానా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు, ఎందుకంటే "వేడెక్కడం" అనే ఒక్క మాటతో మనం నాలుగు వేర్వేరు సంగతులను పిలుస్తున్నాము. ఇంజిన్‌ను చల్లబరుస్తూ తిరిగే ద్రవం, అంటే కూలెంట్ వేడెక్కడం ఒకటి, ముల్లు చూపించేది దాన్నే. సిలిండర్‌లోకి వెళ్ళే గాలి వెచ్చబడి మంట సాఫీగా అంటుకోవడం రెండవది. సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేసే వేడికి చేరడం మూడవది. ఇంజిన్ ఆయిల్ పలుచబడేంత వేడెక్కడం నాలుగవది. ఇది అన్నిటికన్నా ఆలస్యంగా జరుగుతుంది.

ఇప్పుడు పొగ ప్రయాణించే దారిని చూడండి. అది ఈజీఆర్ కూలర్ గుండా వెళితే, తన వేడిని కూలర్ చుట్టూ తిరిగే కూలెంట్‌కు ఇచ్చి తాను చల్లబడుతుంది. అప్పుడు ముల్లు కొద్దిగా ముందు లేస్తుంది కాని ఇంటేక్‌కు చేరేది చల్లని పొగ. చాలా ఇంజిన్లలో కూలర్ పక్కనే ఒక బైపాస్ ఫ్లాప్ ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు పొగను కూలర్‌లోకి పోనీయకుండా ఆ ఫ్లాప్ నేరుగా ఇంటేక్‌కు పంపుతుంది. అప్పుడు గాలి వెచ్చబడుతుంది, మంట బాగా అంటుకుంటుంది, కన్వర్టర్ త్వరగా పని మొదలుపెడుతుంది, కాని కూలెంట్‌కు ఆ వేడి అందదు. ఒకే వేడిని రెండు చోట్ల ఖర్చు పెట్టలేము. కనుక ఎవరైనా "త్వరగా వేడెక్కేలా చేస్తాను" అన్నప్పుడు, నాలుగింటిలో దేన్ని అని అడగండి. జవాబు తడబడితే బండిని అక్కడ వదలవద్దు.

మన దగ్గర అంత చలి లేదు కదా. ఈ మార్పు మనకు అవసరమా?

తిరుపతిలో డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందకు దిగడం అరుదు. పీఠభూమి మీద ఉన్న పలమనేరు, మదనపల్లె, కుప్పం వైపు చలి కొంత ఎక్కువే గాని, అది కూడా ఇంజిన్‌కు కష్టమైన చలి కాదు. ఈ వేడెక్కించే మార్పుల గురించిన చర్చలన్నీ రాత్రి నీళ్ళు గడ్డకట్టే దేశాల నుండి వచ్చినవి. అక్కడ కారు హీటర్ ఎంత త్వరగా వెచ్చని గాలి ఇస్తుందన్నది రోజూ ఎదురయ్యే సమస్య. మన ప్రాంతంలో హీటర్ స్విచ్ ఎక్కడుందో తెలియకుండానే కారు అమ్మేసినవారు ఉన్నారు. కాబట్టి మన ఎండలో కూడా మీ డీజిల్ ఇంజిన్ అరగంటకు వేడెక్కడం లేదంటే, దానికి కావలసింది కొత్త మార్పు కాదు. ఉన్న భాగాల్లో ఏదో పాడైందని అర్థం.

పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు అలాగే ఉంచితే వేడెక్కదా?

వేడెక్కదు. దీనికి చిన్న లెక్క ఉంది. 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఐడిలింగ్‌లో, అంటే బండి నిలిచి ఉండి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, గంటకు సుమారు అర లీటరు డీజిల్ తాగుతుందని అనుకుందాం. కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అర లీటరుకు 5 యూనిట్లు. అందులో మూడో వంతు కూలెంట్‌కు, లోహానికి చేరుతుందనుకున్నా సుమారు 1,700 వాట్లు, అంటే బకెట్లో నీళ్ళు కాచుకునే రాడ్డు పాటి వేడి. ఆ రాడ్డుతో వంద కిలోలకు పైబడిన లోహాన్ని, ఐదారు లీటర్ల కూలెంట్‌ను, మూడు లీటర్ల ఆయిల్‌ను 20 డిగ్రీల నుండి 80 డిగ్రీలకు తేవాలంటే ముక్కాలు గంట దాటుతుంది. అదే బండిని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నడిపితే డీజిల్ నాలుగైదు రెట్లు మండుతుంది కాబట్టి పది నిమిషాల్లో ఆ పని జరుగుతుంది.

ఈజీఆర్ వాటా ఎంతో కూడా ఇదే లెక్కలో తేలుతుంది. ఐడిలింగ్‌లో డీజిల్ పొగ పెద్ద వేడిగా ఉండదు, సుమారు 100 నుండి 150 డిగ్రీలే. అందులో మూడో వంతును కూలర్ గుండా తిప్పినా కూలెంట్‌కు అదనంగా అందేది కొన్ని వందల వాట్లు మాత్రమే. ఆ కాస్త కోసం వేలు ఖర్చు పెట్టి మానిఫోల్డు విప్పించడం ఎంతవరకు సబబో మీరే చూసుకోండి.

## కారణం వెతికే దశ

ముల్లు లేవడం లేదు. ఈజీఆర్ కన్నా ముందు ఏది చూడాలి?

థర్మోస్టాట్. ఇంజిన్‌కు, రేడియేటర్‌కు మధ్య ఉండే ఈ చిన్న వాల్వులో మైనం నింపిన గుళిక ఉంటుంది. కూలెంట్ 80 డిగ్రీలు దాటి, సాధారణంగా 82 నుండి 88 మధ్య, మైనం కరిగి వ్యాకోచించి వాల్వును తెరుస్తుంది. అంతవరకు రేడియేటర్‌కు దారి మూసి ఉంటుంది. ఆ వాల్వు తెరిచిన స్థితిలో ఇరుక్కుపోతే మొదటి నిమిషం నుండే కూలెంట్ రేడియేటర్‌లో చల్లారుతూ ఉంటుంది.

పరీక్షకు ఉపకరణాలేవీ అక్కరలేదు. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు, బెల్టులకు దూరంగా చేయి ఉంచి, రేడియేటర్ పైభాగానికి వెళ్ళే లావుపాటి హోస్ పైపును తాకి చూడండి. ఇంజిన్ వేడెక్కేదాకా పైపు చల్లగా ఉండి, తరువాత ఉన్నట్టుండి వేడెక్కితే థర్మోస్టాట్ బాగున్నట్టే. మొదటి నుండి ఇంజిన్‌తో పాటే పైపు కూడా మెల్లగా వెచ్చబడుతూ ఉంటే వాల్వు మూసుకోవడం లేదు.

మా మెకానిక్ థర్మోస్టాట్ తీసేసి, ఇక ఇంజిన్ చల్లగా నడుస్తుందన్నాడు. అది తప్పా?

తప్పే. మన ప్రాంతంలో నాకు కనిపించిన వేడెక్కని డీజిల్ బళ్ళలో ఎక్కువ శాతానికి మూలం ఇదే. ఎండాకాలంలో ఘాట్ ఎక్కుతూ ఇంజిన్ ఉడికిపోతుంది. షెడ్డులో అసలు కారణం వెతకకుండా, అంటే పూడుకుపోయిన రేడియేటర్, తిరగని ఫ్యాన్, అరిగిన వాటర్ పంప్ చూడకుండా, థర్మోస్టాట్ తీసి పక్కన పడేస్తారు. ముల్లు దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఆరు నెలల తరువాత చలికాలం వస్తుంది, మైలేజ్ తగ్గిందని, ముల్లు లేవడం లేదని అదే యజమాని ఈజీఆర్ గురించి అడుగుతాడు.

నా బండి విషయంలోనూ ఇదే జరిగింది. పాత కారు కొన్న ఏడాదికి గాని దానిలో థర్మోస్టాట్ లేదన్న సంగతి నాకు తెలియలేదు. అంతవరకు ఈజీఆర్ వాల్వును రెండుసార్లు విప్పించి కడిగించాను. డబ్బు పోయినందుకు కన్నా, రేడియేటర్ పైపును ఒక్కసారి చేత్తో తాకి చూడనందుకు ఎక్కువ సిగ్గుపడ్డాను.

థర్మోస్టాట్ లేని ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉంటుందన్న నమ్మకం కూడా అన్ని బళ్ళకూ సరిపోదు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ రెండు దారులను నియంత్రిస్తుంది: రేడియేటర్ దారిని తెరిచేటప్పుడు అడ్డదారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది; కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్ళకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వస్తుంది. అటువంటి బండి ఊళ్ళో చల్లగా నడిచి, సరిగ్గా ఘాట్ మధ్యలో ఉడుకుతుంది.

స్కానర్‌లో పి0128 అనే లోపం కోడ్ వచ్చింది, పి0401 అని కూడా వచ్చింది. ఏది ముందు చేయించాలి?

పి0128 అంటే కూలెంట్ థర్మోస్టాట్ నియంత్రించవలసిన ఉష్ణోగ్రతకు చేరడం లేదని, పి0401 అంటే ఈజీఆర్ ప్రవాహం చాలినంత లేదని అర్థం. పి0128ను ముందు సరిచేయండి. చాలా ఈసీయూలు, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్లు, కూలెంట్ ఉష్ణోగ్రతను బట్టే ఈజీఆర్‌ను ఎంత తెరవాలో నిర్ణయిస్తాయి, కనుక ఇంజిన్ సరిగా వేడెక్కకుండా ఈజీఆర్ మీద ఇచ్చే తీర్పు నమ్మదగినది కాదు.

ఈజీఆర్ వాల్వు ఇరుక్కుపోయిందని ఎలా గుర్తుపట్టాలి?

తెరిచిన స్థితిలో ఇరుక్కుంటే గాలి చాలక పికప్ తగ్గుతుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్లని పొగ వస్తుంది, ఐడిలింగ్ తడబడుతుంది. మూసిన స్థితిలో ఇరుక్కుంటే నడపడంలో పెద్ద తేడా కనిపించదు; చల్లని ఇంజిన్ చప్పుడు కొంచెం గరుకుగా ఉంటుంది, కొన్నాళ్ళకు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. రెండవ రకం లోపాన్ని చాలామంది ఏళ్ళ తరబడి గమనించరు.

## ఈజీఆర్‌ను విప్పే దశ

ఈజీఆర్ పొగ దారికి అడ్డంగా ప్లేటు వేసి మూసేస్తే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుందా?

ఎక్కువ బళ్ళలో దీని ఫలితం తిరగబడుతుంది. కూలర్ ద్వారా కూలెంట్‌కు, బైపాస్ ద్వారా ఇంటేక్ గాలికి అందే కొసరు వేడి కూడా ప్లేటు వేయగానే ఆగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఈజీఆర్‌ను ఎలాగూ మూసి ఉంచే ఇంజిన్లలో తేడా తెలియదు. త్వరగా వేడెక్కుతుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు. మసి తగ్గుతుందనడం నిజం, ఇంటేక్ శుభ్రంగా ఉంటుందనడం నిజం. కాని దానికి బదులుగా నైట్రోజన్ ఆక్సైడులు పెరుగుతాయి. మీ వెనుక స్కూటర్ మీద వచ్చేవారి ఊపిరితిత్తులకు అవి చేసే హాని కంటికి కనిపించదు, ఎందుకంటే వాటికి నల్లని రంగు లేదు.

కూలర్ తీసేసి నేరుగా పైపు వేయిస్తే? బైపాస్‌ను ఎప్పుడూ తెరిచి ఉంచితే?

చల్లని ఇంజిన్‌కు మొదటి పది నిమిషాల్లో ఇది నిజంగానే మేలు చేస్తుంది: ఇంటేక్ గాలి వెచ్చబడుతుంది, చల్లని ఇంజిన్ గరుకు చప్పుడు, పచ్చి డీజిల్ వాసన తగ్గుతాయి. ఇబ్బంది పదకొండవ నిమిషం నుండి మొదలవుతుంది. బండి మీద భారం పడినప్పుడు పొగ వేడి 400 డిగ్రీలు దాటవచ్చు. దాన్ని చల్లార్చకుండా ఇంటేక్‌లోకి పంపితే గాలి వ్యాకోచించి సిలిండర్‌లోకి తక్కువగా చేరుతుంది, నల్లని పొగ పెరుగుతుంది, మంట ఉష్ణోగ్రత పెరిగి ఈజీఆర్ అసలు ప్రయోజనమే దెబ్బతింటుంది. ఇంటేక్ మానిఫోల్డు ప్లాస్టిక్‌తో చేసిన బండి అయితే అది కరిగే ప్రమాదం కూడా ఉంది. చల్లగా ఉన్నప్పుడు బైపాస్, వేడెక్కాక కూలర్ అన్న ఏర్పాటు కంపెనీ ఇచ్చిన ఫ్లాప్‌లోనే ఉంది. మీ బండికి ఆ ఫ్లాప్ ఉంటే, దాన్ని నడిపే వాక్యూమ్ పైపు పగిలిందా, ఫ్లాప్ మసితో బిగుసుకుందా అని చూపించండి. మీరు కోరుకున్న మార్పు బండిలో ముందే ఉండి, పనిచేయడం మానేసి ఉండవచ్చు.

ఈసీయూ రీమ్యాప్ చేయించి, అంటే దానిలోని సెట్టింగులు మార్పించి, చల్లగా ఉన్నప్పుడు ఈజీఆర్ ఎక్కువ తెరిచేలా చేయవచ్చా?

సాంకేతికంగా చేయవచ్చు, కాని చేయించవద్దని చెబుతాను. చల్లని కూలర్ గోడలకు పొగ తగిలినప్పుడు అందులోని నీటి ఆవిరి, సగం మండిన డీజిల్ అక్కడే చెమ్మగా మారతాయి. ఆ చెమ్మకు మసి అంటుకుని తారులా గట్టిపడుతుంది. చల్లని ఇంజిన్‌లో ఈజీఆర్‌ను ఎంత తెరవాలన్న పరిమితిని తయారీదారు పెట్టడానికి ఈ భయం కూడా ఒక కారణం. ఆ పరిమితిని సడలిస్తే రెండు నిమిషాలు ముందు వేడెక్కుతుంది, రెండేళ్ళు ముందు కూలర్ పూడుకుపోతుంది.

వాల్వును శుభ్రం చేయిస్తే సరిపోతుందా? ఎలా చేయాలి?

చాలా సందర్భాల్లో సరిపోతుంది. వాల్వును బండి నుండి విప్పి, కార్బన్ క్లీనర్ చల్లి, మెత్తని బ్రష్‌తో మసిని తీసి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాలి. మోటారు, కనెక్టర్ ఉన్న వైపుకు ద్రావకం చేరకూడదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే వాల్వు కూర్చునే అంచు దెబ్బతిని, తరువాత అది పూర్తిగా మూసుకోదు. విప్పకుండా గాలి దారిలో స్ప్రే కొట్టి పని అయిందనే పద్ధతిలో ఊడిన మసి గడ్డలు సిలిండర్లలోకి పోతాయి. బిగించాక కొన్ని బళ్ళలో స్కానర్‌తో వాల్వుకు దాని మూసిన, తెరిచిన స్థానాలను మళ్ళీ నేర్పించవలసి ఉంటుంది.

కూలెంట్ తగ్గుతోంది, బయట ఎక్కడా కారడం లేదు. ఈజీఆర్ కూలర్‌కు సంబంధం ఉందా?

ఉండవచ్చు. కూలర్ లోపల చీలిక వస్తే కూలెంట్ పొగతో కలిసి ఇంజిన్‌లోకి పోయి, తియ్యని వాసన గల తెల్లని పొగగా బయటికి వస్తుంది. ఈ స్థితిలో బండిని నడపవద్దు.

## చట్టం, తనిఖీలు

ప్లేటు వేయించినా పొల్యూషన్ పరీక్షలో పాసవుతుందంటున్నారు. మరి తప్పేముంది?

పాసవుతుందన్నది నిజమే. డీజిల్ బండికి పొల్యూషన్ కేంద్రంలో చూసేది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు పొగ ఎంత చిక్కగా ఉందన్నది మాత్రమే. నైట్రోజన్ ఆక్సైడులను అక్కడ కొలవరు. ఈజీఆర్ మూస్తే నల్లని పొగ తగ్గుతుంది కనుక ఆ కాగితం సులభంగానే వస్తుంది. అయితే 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించినందుకు 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉండటం ఈ సెక్షన్లకు జవాబు కాదు.

థర్మోస్టాట్ మార్చడం, ఈజీఆర్ కడిగించడం కూడా మార్పు కిందికి వస్తాయా?

రావు. కంపెనీ నిర్దేశించిన భాగాన్ని అదే రకం భాగంతో మార్చడం, ఉన్నదాన్ని శుభ్రం చేయడం మరమ్మతు మాత్రమే.

## రోజువారీ నడపడంలో

మా ఇంటి నుండి అలిపిరి దగ్గరే. ఇంజిన్ వేడెక్కకుండానే ఘాట్ ఎక్కితే ఇబ్బందా?

తిరుపతి వాసులకు మాత్రమే వచ్చే సందేహమిది. పైఊళ్ళ నుండి వచ్చే బళ్ళు వేడెక్కే వస్తాయి. మన బండి నాలుగైదు కిలోమీటర్లకే అలిపిరి చేరి, వెంటనే సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు దారి మొదలుపెడుతుంది. ఎక్కుడు వల్ల కూలెంట్ త్వరగానే వేడెక్కుతుంది, కాని ఆయిల్ ఇంకా చిక్కగానే ఉంటుంది. టర్బోకు, బేరింగులకు ఆ కొద్దిసేపే కష్టకాలం. కనుక మొదటి నాలుగైదు మలుపుల వరకు ఇంజిన్‌ను 2,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల ఉంచండి, యాక్సిలరేటర్‌ను సగానికి మించి తొక్కవద్దు. అలాగని మరీ పై గేరులో ఈడ్చుకుంటూ నడపడం కూడా మంచిది కాదు. అలిపిరి తనిఖీ వరుసలో నిలిచి ఉన్నంతసేపు ఇంజిన్ ఆపేయడమే మేలు, ఐడిలింగ్‌లో అది వేడెక్కేదేమీ లేదు.

తిరుమల నుండి దిగేటప్పుడు ముల్లు సగం కన్నా కిందికి పడిపోతోంది. ఇది లోపమా?

దిగుడులో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్‌కు డీజిల్ దాదాపు అందదు, కాబట్టి కొత్త వేడి పుట్టదు. థర్మోస్టాట్ బాగుంటే అది మూసుకుని ఉన్న వేడిని నిలుపుతుంది. ముల్లు కొద్దిగా దిగి ఆగుతుంది. దిగుతూ దిగుతూ అడుగుకు చేరితే థర్మోస్టాట్ సరిగా మూసుకోవడం లేదు, లేదా బండిలో లేనే లేదు. షెడ్డులో చేసే పరీక్షల కన్నా ఈ ఘాట్ పరీక్ష నాకు ఎక్కువ నమ్మకం.

మాది బీఎస్6 (భారత్ స్టేజ్ 6) డీజిల్. రోజూ బడికి, కొట్టుకు మూడు కిలోమీటర్లే తిరుగుతుంది. ఏం చేయాలి?

బీఎస్6 డీజిల్ కార్లలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు ఈసీయూ అదనంగా డీజిల్ చల్లి ఆ మసిని కాల్చివేస్తుంది. ఇంజిన్ వేడెక్కనిదే ఆ ప్రక్రియ మొదలు కాదు, మొదలై మధ్యలో ఆగితే అదనపు డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఈజీఆర్‌లో ఏ మార్పు చేసినా మూడు కిలోమీటర్లలో ఇంజిన్ వేడెక్కదు. పది, పదిహేను రోజులకొకసారి రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తికో, చంద్రగిరి దాటి చిత్తూరు దారిలోనో అరగంటకు తక్కువ కాకుండా ఒకే వేగంతో నడిపి రండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతూ ఉంటే, గడువు కోసం ఎదురుచూడకుండా ఆయిల్ మార్పించండి. రోజూ తిరిగేది నిజంగా అంతే అయితే, తరువాతి బండి డీజిల్ కాకుండా చూసుకోండి.

చలికాలానికి ఆయిల్ మారిస్తే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుందా?

త్వరగా వేడెక్కదు, కాని చల్లగా ఉన్నప్పుడు త్వరగా ప్రవహిస్తుంది. మీ బండి పుస్తకంలో ఆయిల్ చిక్కదనం గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉండి, షెడ్డులో అలవాటు కొద్దీ 15డబ్ల్యూ-40 పోస్తూ ఉంటే, పుస్తకంలో ఉన్నదానికే మారండి. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువగా మిగిల్చే రకం ఆయిల్ కావాలి. డబ్బా మీద ఆ వివరం చూడకుండా పోయించవద్దు.